పద్నాలుగో తారీకు చెక్కముక్క

క్లెమ్ పాస్కో చేతులకి జిగురు ఎంత పట్టిందంటే, కూర కుక్కి కాల్చిన పాస్టీ రొట్టె తిన్నా అదే వాసన, టీ తాగినా అదే వాసన. కదీనా ఊళ్ళో ఇరవయ్యేళ్ళు బడి బస్సు తోలాడు. అరవై మూడో ఏట ప్లాన్ల కట్ట ఒకటి తెప్పించుకుని షెడ్డులో విమానం మొదలెట్టాడు. పెద్దదేం కాదు, ఇద్దరు పట్టే చెక్క విమానం. రెండో సీటు నీదేనని పెళ్ళాం లోర్నాకి ఎప్పుడో మాటిచ్చేశాడు.

రెక్కల్లేవు, ఇంజను లేదు. ఉన్నదల్లా తోక. అదీ పద్నాలుగు నెలల్నుంచి! ఒక షీట్లో ఒక కొలత, పక్క షీట్లో ఇంకో కొలత. ఎముకల్లాంటి ఆ సన్న చెక్కల్ని రెండుసార్లు కోసి పారేశాడు. ఎట్టకేలకి అంతా అతికింది. పైన ప్లైవుడ్ మూసేస్తే తోక అయిపోయినట్టే.

మూసేముందు బెరిల్ నోవాక్ చూడాలి. డెబ్భై ఎనిమిదేళ్ళ మనిషి, తన చేత్తో గ్లైడర్లు కట్టింది. ఆ చుట్టుపక్కల ఎవరు విమానం కట్టినా ఆమె సరేనని సంతకం పెట్టాకే మూస్తారు.

వచ్చీరాగానే అడిగింది. "ఏదిరా నీ బిస్కెట్ డబ్బా?"

"ముందు టీ తాగక్కా."

"టీ ఎక్కడికీ పోదులే."

జిగురు కలిపిన ప్రతిసారీ అదే జిగురుతో రెండు చెక్కముక్కలు అతికించి, తారీకు రాసి డబ్బాలో పెట్టుకుంటారు. ఎండాక సుత్తితో పగలగొడతారు. చెక్క చీలితే జిగురు మంచిది. జిగురే ఊడితే, ఆ రోజు అతికించినవేవీ నమ్మడానికి లేదు.

బెరిల్ డబ్బా బల్లమీద బోర్లించింది. అన్నీ పగిలినవే, అన్నీ చెక్కలోనే చీలాయి. ఒక్క ముక్క మాత్రం నిక్షేపంగా ఉంది. జూన్ పద్నాలుగు.

"దీన్నెందుకు దాచావు? మనవడికిద్దామనా?"

"మర్చిపోయుంటా."

మర్చిపోలా. అక్కడ జూనంటే నడి చలికాలం, ఆ రోజు ఎముకలు కొరికే చలి. లోర్నాకి దగ్గని ఇంట్లో ఉన్న ఒక్క హీటరూ ఆమె గదిలో పెట్టారు. వెచ్చదనం లేనిదే ఆ జిగురు పట్టదని క్లెమ్‌కి తెలుసు. కానీ అప్పటికే వారం వృథా అయింది. ఇంక ఆగలేక, అతికించేసి పైన దుప్పటి కప్పాడు. తర్వాత ఈ ముక్కమీద సుత్తి ఎత్తాడు, మళ్ళీ దించేశాడు. పగలగొడితే కదా తెలిసేది!

బెరిల్ ముక్కని బల్లకున్న ఇనప వైసులో బిగించి సుత్తితో ఒక్కటేసింది. టప్పున రెండైంది. ఎక్కడా చెక్క పీచు లేదు, జిగురే నున్నగా మెరుస్తోంది.

"ఆ రోజు ఏం అతికించావు?"

ఏ రోజు పని ఆ రోజు రాసుకునే పుస్తకం క్లెమ్ చూడక్కర్లేదు. "తోకలో వెనక దూలానికి ఏడు ఎముకలు. అయినా అక్కా, ఆ ముక్కకి రాసింది గిన్నె అడుగున గీకిన జిగురు. తోకకి రాసింది మంచిదే."

"కావచ్చు."

"మరింకేం?"

"ఆ 'కావచ్చు' మీద లోర్నాని కూర్చోబెడతావా?"

"నన్నడక్కుండా నన్నెక్కడ కూర్చోబెడుతున్నారు?" పాస్టీల పళ్ళెంతో లోర్నా లోపలికొచ్చింది.

క్లెమ్ రంపంపొట్టు బకెట్టుని ఒక్క తన్ను తన్నాడు. "పద్నాలుగు నెలలు! ప్లాను గీసినవాడి మొహం మండ! మీకేం, మాటలు చెబుతారు!"

"కొయ్యమని నేననట్లేదురా," అంది బెరిల్, పాస్టీ కొరుకుతూ. "సంతకం పెట్టనంటున్నా. నువ్వు తన్నిన పొట్టు నా టీలో పడింది, చూసుకో."

ఆమె కారు వెళ్ళిపోయాక ముక్కలైన ఆ చెక్కని క్లెమ్ బల్లమీద పక్కకి నెట్టాడు. రంపం తీశాడు. ఏడింటిలో మొదటి అతుకు కోసి వైసులో పెట్టి కొట్టాడు. చెక్కే చీలింది. రెండోదీ అంతే. మూడోదీ అంతే.

"చూశావా! బంగారంలాంటి తోకని కోయించింది ఆ ముసల్ది!"

నాలుగోది వైసుదాకా రాలేదు. చేతిలోకి తీసుకుంటుంటేనే ఊడొచ్చింది.

మిగిలినవి కొడితే ఇంకోటి ఊడింది. ఏడింటిలో రెండు. ఆ రెండూ ఏవో పైనుంచి చూస్తే దేవుడిక్కూడా తెలీదు.

"హీటరు కావాలని ఆ రోజు అడగొచ్చుగా," అంది లోర్నా, ముక్కమీద తారీకు చూసి.

"నీకు దగ్గు కదా."

"నా దగ్గుకి దుప్పటి చాలు. నీ జిగురుకి చాలదుగా!"

క్లెమ్ దూలానికి కొత్త చెక్క కోసం ఫోన్ చేశాడు. ఆరు వారాలన్నాడు అవతలివాడు. ఫోన్ పెట్టేసి, అవతలివాణ్ణి తిట్టి, చీపురు తీసుకున్నాడు.

ఈలోగా లోర్నా తన గదిలోంచి హీటరు మోసుకొచ్చి బల్లకింద పెట్టింది. ప్లగ్గు పెట్టబోతే వైరు గోడదాకా అందలేదు.

"చూడు, ఇదీ చాలదు!" అని కేకేసి, బల్లకి ఆ చివర పట్టుకున్నాడు క్లెమ్. "నువ్వటు పట్టుకో. గోడ దగ్గరికి జరుపుదాం."