సెలైన్ పైపు వేసిన బండి మీద కోరుట్ల నుంచి సిరిసిల్లకు

ఎప్పుడూ భయపడే మనిషికి నిజంగా భయపడాల్సిన రోజు వచ్చిందని ఎలా తెలుస్తుంది? ఇరవై ఏళ్లుగా ఈ ప్రశ్న నా వెంటే ఉంది. గ్యాస్ కట్టేశానా లేదా అని వీధి చివర నుంచి వెనక్కి వచ్చే మనిషిని నేను. తాళం వేసి మూడుసార్లు లాగి చూస్తాను. అంతగా లాగడం వల్ల వదులైందేమోనని నాలుగోసారి చూస్తాను. నా భయాల్లో దాదాపు అన్నీ ఉత్తవే. నిజమయ్యేది ఏదో ముందే తెలిస్తే మిగతావాటిని హాయిగా వదిలేయొచ్చు. తెలియదు కాబట్టి అన్నిటినీ మోస్తున్నాను. కిందటి కోతల కాలంలో జగిత్యాల నుంచి కోరుట్ల మీదుగా సిరిసిల్లకు నా పాత మోటారుసైకిల్ మీద వెళ్లినప్పుడు ఈ ప్రశ్న నన్ను నడిరోడ్డు మీద నిలబెట్టింది. ఆ దారిన పాత బండి మీద వెళ్లాలనుకునేవాళ్లకు పనికొస్తుందని రాస్తున్నాను.

ప్రయాణం రజిత వదిన కోసం. వదిన మా ఆయనకు అక్క, కోరుట్లలో ఉంటుంది. వదిన భర్త, నాకు అన్నయ్య వరస, గల్ఫ్‌లో తొమ్మిదేళ్లుగా పని చేస్తున్నాడు. వదిన పెళ్లికి ముందు నుంచీ బీడీలు చుడుతోంది. ఇప్పుడు దగ్గు పట్టుకుంది. బీడీలు మానేసి లంగాలు కుట్టి అమ్ముదామనుకుంది. సిరిసిల్లలో మగ్గాల దగ్గరే బట్ట కొంటే కోరుట్ల దుకాణం కంటే చవకగా వస్తుందని ఎవరో చెప్పారు. బస్సులో వెళితే వేములవాడలో దిగి మారాలి, బట్ట మూటలతో తిరిగి రావడం కష్టం. "నీ బండి ఉండె గద సునీతా, ఇద్దరం పోదాం" అంది ఫోన్లో. ఆడమనిషి నడిపే గేర్ల బండి ఎనక కూచుంటే లోకం ఏమంటుందో చూద్దామని కూడా అంది.

ఆ బండి నేను ఉద్యోగంలో చేరిన ఏడు సెకండ్ హ్యాండ్‌లో కొన్నది. నాకంటే కాస్త చిన్నది, అంతే. దాని గురించి ఒక విషయం ముందే చెప్పేస్తాను. వెళ్లడానికి రెండు వారాల ముందు, ఒక ఆదివారం, ట్యాంకు నుంచి కార్బురేటర్‌కు పోయే పెట్రోల్ పైపు పగిలి చుక్కలు కారడం చూశాను. మామూలుగానైతే మెకానిక్ దగ్గరకు పరుగెత్తేదాన్ని. కానీ జగిత్యాలలో మా మెకానిక్‌కు నేనొక తమాషా అయిపోయాను. కిందటిసారి చప్పుడేదో వస్తోందని వెళ్తే, "మేడం, బండికి ఏం గాలే. డాక్టర్ మీకే గావాలె" అన్నాడు. చుట్టూ ఉన్నవాళ్లు నవ్వారు. ఆ నవ్వు గుర్తొచ్చి వెళ్లలేదు. మా ఆయనకు జ్వరం వచ్చినప్పుడు మిగిలిన సెలైన్ పైపు ఇంట్లో ఉంటే, దాన్నే కత్తిరించి తగిలించాను. మా వైపు ఊళ్లలో ఇలా వేసుకునేవాళ్లను చూశాను. పైగా లోపల పెట్రోల్ పారడం కనిపిస్తోంది. ముచ్చటేసింది కూడా.

అనుకున్న రోజు పొద్దున ఆరున్నరకు జగిత్యాలలో మూడు వందల పెట్రోల్ పోయించుకుని బయల్దేరాను. కోరుట్లకు పాతిక కిలోమీటర్లు, నిదానంగా యాభై నిమిషాలు. మేడిపల్లి దాటాక ఒకసారి పెట్రోల్ వాసన వచ్చింది. బంకులో చేతికి అంటిందేమో అనుకున్నాను. ఆపి చూద్దామనిపించింది. ఈ ఒక్కరోజైనా నా భయం మాట వినకూడదని నిశ్చయించుకుని బయల్దేరాను మరి. ఆపలేదు.

వదిన సంచి పట్టుకుని ఇంటి ముందే నిలబడి ఉంది. సంచిలో రెండు చీరలు, బీడీలు చుట్టే తునికాకు, తంబాకు, కత్తెర, దారం, చుట్టిన బీడీలు కొన్ని. సిరిసిల్లలో రాత్రి బంధువుల ఇంట్లో ఉండాలి, చేతులు ఊరికే ఎందుకుండాలని పని కూడా తెచ్చుకుంది. బస్టాండు దగ్గర ఇడ్లీ తిన్నాం. ఎక్కబోతూ బండి చుట్టూ ఒక తిరుగు తిరిగింది.

"బండి మెకానిక్కు చూపించినవా?"

"చూపించిన."

"మొత్తం చూసిండా?"

"చూసిండు వదినా."

"గట్లైతే నాకేం రంది లేదు" అని ఎక్కి, నా భుజం మీద చెయ్యేసి కూర్చుంది. చూపించానన్న ఆ అబద్ధం నా నోట్లోంచి ఎందుకు వచ్చిందో నాకే అర్థం కాలేదు. నేనే వేశానంటే ఎక్కదేమోనన్న భయం కొంత. ఎప్పుడూ అనుమానాలతో చచ్చే సునీత, పైపు తానే వేసిందంటే నవ్వుతుందేమోనన్న సిగ్గు కొంత.

కోరుట్ల నుంచి కథలాపూర్, రుద్రంగి, చందుర్తి, వేములవాడ మీదుగా సిరిసిల్లకు అరవై కిలోమీటర్ల పైనే. రోడ్డు బాగానే ఉంది, కానీ కోతల కాలంలో సగం రోడ్డు మీద వడ్లు ఆరబోసి ఉంటాయి. ఎదురుగా ట్రాక్టర్ వస్తే వడ్ల అంచుకూ దాని చక్రానికీ మధ్య నుంచి పోవాలి. కథలాపూర్ దాటి చాలా దూరం వచ్చాక మళ్లీ వాసన వచ్చింది. ఈసారి అనుమానం కాదు, ముక్కు మండింది. ఎడమ కాలి పిక్కకు చల్లగా తగిలింది. వంగి చూస్తే సల్వార్ తడిసి ఉంది.

బండి ఆపి, "దిగు వదినా, దిగు" అన్నాను. కార్బురేటర్ దగ్గర పైపు కొస చీలి పెట్రోల్ ధారగా కారుతోంది. కింద ఇంజన్ ముప్పై కిలోమీటర్ల వేడి మీద ఉంది. చుక్క పడ్డ చోటల్లా చుయ్‌మని ఆవిరి. తాళం తీసేశాను. ట్యాంకు కింద ట్యాప్ తిప్పాను. ధార ఆగింది కానీ చుక్కలు ఆగలేదు. ట్యాప్ లోపలి వాషర్ కూడా ముసలిదైపోయింది. అప్పుడు చూశాను, బండి ఆపింది ఎండుగడ్డి పరిచిన చోట. ఇద్దరం కలిసి గడ్డి లేని చోటికి నెట్టాం.

అంతలో సైకిల్ మీద గడ్డిమోపు పెట్టుకుని ఒక పెద్దాయన వచ్చాడు. సైకిల్ ఆపి, "ఏమైందే బిడ్డా? గింత ఎండల నిలవడ్డరు?" అంటూ దగ్గరికి వచ్చి, చుక్కలు పడే చోటికి వంగాడు. ఆయన పెదాల మధ్య బీడీ వెలుగుతోంది.

ఇరవై ఏళ్లుగా లేనిపోని వాటికి కేకలు పెట్టిన నేను, ఉన్నదాన్ని చూసి హ్యాండిల్ పట్టుకుని నిలబడ్డాను. వదిన ఒక్క ఉదుటున ఆయన మూతి మీద కొట్టినట్టే కొట్టి బీడీ లాగేసి, అవతలికి ఉరికి చెప్పుతో నలిపేసింది.

"ఓసినీ! గిదేం ఆడిది రా నాయనా, మూతి మీద కొట్టె!"

"నీ బీడీ పాడుగాను కాకా! పెట్రోల్ కారుతుంటె కనవడ్తలేదా? నువ్వు, నేను, నీ గడ్డి అంతా కలిసి బూడిదయ్యేటోళ్లం!"

ఆయన పెట్రోల్ వంక, తన గడ్డిమోపు వంక మార్చి మార్చి చూశాడు. తర్వాత నాలుగడుగులు వెనక్కి వేశాడు. వదిన సంచిలోంచి గుప్పెడు బీడీలు తీసి ఇచ్చింది. "తీస్కో. కోపం జెయ్యకు. నేను చుట్టినయే. గా కల్వర్టు అవతలికి పోయినంక ముట్టిచ్చు."

ఆయన ఒకటి తీసి వాసన చూశాడు. "మంచిగ చుట్టినవు. కొట్టుడు గూడ మంచిగనే కొట్టినవు" అన్నాడు. రుద్రంగి ఇంక మూడు కిలోమీటర్లేనని, ఊళ్లోకి పోతూనే కుడిచేతికి మెకానిక్ ఉంటాడని చెప్పి వెళ్లిపోయాడు.

ఇంజన్ చల్లారేదాకా దూరంగా కూర్చున్నాం. అరగంట పట్టింది. తర్వాత వదిన కత్తెర ఇచ్చింది. పైపు చీలిన కొసను రెండంగుళాలు కోసేశాను. మిగిలింది మళ్లీ మూతికి ఎక్కించాను. వదిన బీడీ దారం తీసి దాని మీద చుట్టింది. రోజుకు వెయ్యి బీడీలకు దారం చుట్టే వేళ్లవి. పది చుట్లు వేసి, పంటితో లాగి ముడి బిగించింది. ట్యాప్ తిప్పి పది నిమిషాలు చూశాం. చుక్క పడలేదు.

"ఇగ పోదాం పా" అంది వదిన.

నేను పైపు మీదికి వంగాను. మిగిలిన పైపు కూడా అదే కదా. వేలితో నొక్కితే కట్టెలా గట్టిగా తగిలింది.

"నువ్వు ఆటో ఏమన్నొస్తె ఎక్కిరా వదినా. నేను మెల్లగ తెస్త."

"ఎందుకు? మెకానిక్ చూసిండంటివి గద. కొస వదులైంది, కట్టినం. ఇంకేం భయం?"

చెప్పాల్సిన చోటు అదే. ఆ పైపు ఏ మెకానిక్కూ చూడలేదు, నేనే వేశాను, అందుకే భయం అని చెప్తే సరిపోయేది. "ఎందుకైనా మంచిది, నెట్టుకుంట పోదాం" అన్నాను. వదిన నా మొహం చూసి, "నీ పానమంత భయమే సునీతా. మా తమ్ముడు నీతోని ఎట్ల ఏగుతుండో" అని నవ్వి వెనక నుంచి నెట్టడం మొదలుపెట్టింది. ట్యాప్ కట్టేసి, ఎండలో మూడు కిలోమీటర్లు నడిచాం. గంట పట్టింది. మధ్యలో దగ్గు వచ్చి వదిన రెండుసార్లు కూర్చుంది. ఆ దగ్గు వింటూ కూడా నేను చెప్పలేదు.

రుద్రంగిలో మెకానిక్ నడివయసు మనిషి. పైపు పీకి వంచాడు. టక్కున విరిగింది.

"ఎవడేసిండు గిది? సెలైన్ పైపు పెట్రోల్ల ఆగుతదా? పదిరోజులల్ల గట్టిపడి ఇరుగుతది. బండికేమన్న జెరమొచ్చిందా సెలైన్ ఎక్కియ్య?"

నేను నోరు తెరిచేలోపు వదిన అందుకుంది. "జగిత్యాలల మెకానిక్కట. మొన్ననే చూసిండట. ఆడమనిషి గద, ఏం తెలుస్తదని ఏదో ఒకటి తగిలిచ్చి పంపిండు."

"వాని చెప్పుతోని కొట్టాలె" అన్నాడు మెకానిక్.

"నేను పోతె కొట్టేదాన్నే" అంది వదిన.

నేను విరిగిన పైపు వంక చూస్తూ నిలబడ్డాను. ఆయన అసలు పెట్రోల్ పైపు, రెండు వైపులా క్లిప్పులు, ట్యాప్‌కు కొత్త వాషర్ వేశాడు. అంతా రెండు వందల యాభై తీసుకున్నాడు, నలభై నిమిషాలు పట్టింది. వెళ్లేముందు అడిగాను, "దారం కట్టినంక మేము నడుపుకుంట వస్తె ఏమయ్యేది?"

తల గోక్కున్నాడు. "దారమైతే మస్తు కట్టిండ్రు. వచ్చేటోళ్లేమో. పైపు నడుమల ఇరిగితే రాకపోయేటోళ్లేమో. గది నేనెట్ల చెప్పాలె మేడం?"

వేములవాడ దాటి సిరిసిల్ల చేరేసరికి ఒంటిగంట. ఊళ్లోకి వస్తూనే మరమగ్గాల చప్పుడు మొదలవుతుంది. అక్కడివాళ్లు వాటిని సాంచాలంటారు. ఒక ఇంటి షెడ్డులో నాలుగు సాంచాలు నడుపుతున్న ఆసామి మాకు లంగా బట్ట చూపించాడు. ఆ చప్పుడులో మాట వినబడక వదిన వేళ్లతోనే బేరం చేసింది. రెండు థాన్ల బట్ట కొంది. బట్టను చెంపకు ఆనించుకుని చూసింది. నేను అంత సంతోషంగా తనను ఎప్పుడూ చూడలేదు. నా చేతుల్లో ఇంకా పెట్రోల్ వాసన ఉంది. ఆ పత్తి నుసి మధ్య నిలబడడానికి కూడా భయమేసి బయటికి వచ్చేశాను.

సాయంత్రం బంధువుల ఇంట్లో వదిన అన్నయ్యతో వీడియో కాల్ మాట్లాడింది. ఆయన తిడుతున్నాడు. "పాత బండి మీద గంత దూరం ఎవలు పొమ్మన్నరే?" వదిన ఫోన్ నా వైపు తిప్పి, "సునీత ముందుగాలనే అన్ని చూపిచ్చింది. తప్పు మెకానిక్ది. ఆమె ఉండబట్టికే బతికొచ్చిన. రేపు గూడ గీ బండి మీదనే అస్త" అంది. అన్నయ్య నాకు దండం పెట్టాడు. నేనూ పెట్టాను.

మర్నాడు థాన్లు మధ్యలో పెట్టుకుని అదే దారిన తిరిగి వచ్చాం. చుక్క కారలేదు. అయినా అయిదు చోట్ల ఆపి చూశాను. ఆపిన ప్రతిసారీ వదిన థాన్లు పట్టుకుని దిగి నిలబడింది. చందుర్తి దాటాక నా వీపు మీద తల ఆనించి నిద్రపోయింది.

ఈ దారిన పాత బండి మీద వెళ్లేవాళ్లకు నేను చెప్పగలిగింది ఒక్కటే. ముందు రోజు సాయంత్రం ఇంజన్ చల్లారాక, ట్యాప్ తెరిచి ఉంచి, కార్బురేటర్ కింద ఒక తెల్ల కాగితం పరిచి గంట తర్వాత చూడండి. మరక కనిపిస్తే మెకానిక్ ఎంత నవ్వినా సరే, వెళ్లి పెట్రోల్ పైపే వేయించుకోండి. కాగితానికి మనం పిరికివాళ్లమా, జాగ్రత్తపరులమా అన్నది తెలియదు. అందుకే దాని మాట నమ్మొచ్చు.

నా ప్రశ్నకు మాత్రం జవాబు దొరకలేదు. మేడిపల్లి దగ్గర వినాల్సిన భయాన్ని తోసేశాను. రుద్రంగి ముందు విన్న భయం నిజమో కాదో మెకానిక్ కూడా చెప్పలేకపోయాడు. వదిన ఇప్పుడు రోజూ లంగాలు కుడుతోంది, బీడీలు సగానికి తగ్గించింది. వచ్చే నెల మళ్లీ బట్టకు పోదామంటోంది. "బండి ముందుగాల చూపియ్యి, ఈసారి వేరే మెకానిక్కు" అని మరీ చెప్పింది. ఇంత పొడుగు రాతలు ఆమె చదవదు. పైపు వేసింది నేనేనని చెప్తే నా వెనక ఇంకెప్పటికీ ఎక్కదేమో. చెప్పకపోతే, నా మాట నమ్మి ఎక్కే మనిషిని మళ్లీ ఎక్కించుకోవాలి. చెప్పాలో వద్దో నేనింకా తేల్చుకోలేదు.