ముసలమ్మ ముఖం చూపించే మానిటర్

ఎల్లారావు ఫ్లెక్స్‌ను షాపు నేల మీద పరిచి, చెప్పులు విడిచి పక్కన నిలబడ్డాడు. ఆ ఫ్లెక్స్ మీద ఉన్నది ఈమధ్యే చనిపోయిన వాళ్ళమ్మ, ముసలమ్మ.

"ఇది మాయమ్మేటి? మీరే సూసి సెప్పండి."

శ్రద్ధాంజలి అన్న అక్షరాల కింద ఆవిడ ముఖం నీలంగా ఉంది. పెదవులు ఊదారంగుకు తిరిగాయి. ఎల్లారావుది సముద్రం ఒడ్డునున్న యారాడ. చేపలవేటకు వెళ్ళే ఇళ్ళలో ఆ రంగు ఎప్పుడు వస్తుందో అందరికీ తెలుసు.

"జొరమొచ్చి మంచంలో పోయింది మాయమ్మ. నిన్న ఈదిలో ఇది కట్టిన కాడ్నుంచి, సంద్రంలో పడిపోయిందేటని అడుగుతన్నారు. ఎంతమందికని సెప్పను?"

షాపు యజమాని అచ్యుతరామయ్య కుర్చీలోంచి కదలకుండానే వేలు చూపించాడు. "డిజైన్ ఆ అమ్మాయిదే. నాకేటి తెలుసు?"

కంప్యూటర్ ముందున్న పుష్పకు చెవులు వేడెక్కాయి. భీమిలి నుంచి రోజూ బస్సులో పూర్ణా మార్కెట్‌కు వచ్చి, ఈ షాపులో ఫ్లెక్స్‌లు డిజైన్ చేస్తుంది. దసరా నుంచి చెబుతూనే ఉంది, మానిటర్ పాడైందని. తెరమీద తెల్ల పేజీ తెరిచినా పసుపునీళ్ళలో ముంచినట్టు కనబడేది. ఆ పసుపు పోగొట్టాలని నీలం పెంచితే, తెరమీద బాగానే ఉండి ప్రింటులో ఇలా వచ్చింది. ముందు చిన్న ముక్క ప్రింటు తీసి రంగు చూసుకుంటానంటే, దండగన్నాడు అచ్యుతరామయ్య.

"నాకేటి తెలుసంతారేటి సార్?" ఆమె లేచి నిలబడింది. "మానిటర్ పోయిందని నాను సెప్పలేదా? పనవుతంది కదా అన్నారు కాదేటి?"

"కస్టమర్ ముందు ఏటా గొంతు?"

"కస్టమర్ ముందే కదా నన్ను సూపించారు!"

"మీరూ మీరూ తరవాత కొట్టుకోండి," అన్నాడు ఎల్లారావు. "ఆదివారం పెద్దకర్మ. నాకు మాయమ్మ కావాల." జేబులోంచి ముసలమ్మ ఫొటో తీసి పుష్ప చేతిలో పెట్టాడు. ఎవరిదో పెళ్ళిలో తీసిన కాగితం ఫొటో.

ఆ మధ్యాహ్నమే కొత్త మానిటర్ కోసం పుష్పను, పొద్దుట్నుంచి షాపులోనే ఉన్న తన బావమరిది దేవీప్రసాద్‌ను డాబాగార్డెన్స్ పంపాడు అచ్యుతరామయ్య. కంప్యూటర్ షాపులో ఉమాశంకర్ అనే సేల్స్‌మన్ ఎదురొచ్చి, నేరుగా దేవీప్రసాద్‌కే చెప్పడం మొదలుపెట్టాడు. విల్లులా వంగిన పెద్ద మానిటర్ దగ్గరికి తీసుకెళ్ళాడు.

"దీంట్లో క్రికెట్ సూస్తే ఉంతాది గురూ!" అని మురిసిపోయాడు దేవీప్రసాద్.

"దాని ముందు కూసునేది నాను," అంది పుష్ప.

"మీరు కూర్చోండి మేడమ్, కూల్‌డ్రింక్ తెప్పిస్తాను," అన్నాడు ఉమాశంకర్, ఆమె వైపు తిరగకుండానే.

పుష్ప కూర్చోలేదు. పెన్‌డ్రైవ్ తీసి పెట్టించింది. అందులో ముసలమ్మ ఫొటో స్కాన్ చేసి ఉంది. తెరమీద ఆ ముఖం తెల్లగా మెరిసిపోయింది.

"చూశారా మేడమ్, ఎంత గ్లామర్‌గా ఉన్నారో! పదేళ్ళు తగ్గిపోయారు."

పుష్ప కాగితం ఫొటోను తెర పక్కన పెట్టింది. "ఈవిడ నల్లగా ఉంతాది. జీవితమంతా ఎండలో సేపలు అమ్ముకున్న మనిషి. తెల్లగా ఎవులు సెయ్యమన్నారు?"

"అందరూ ఇలాగే కావాలంటారు మేడమ్."

"ఈవిడ సచ్చిపోయింది. ఆవిడ కొడుక్కి ఇలగ వద్దు!"

షాపులో వాళ్ళు తిరిగి చూశారు. "పరువు తియ్యకు పుష్పా," అని గొణిగాడు దేవీప్రసాద్.

"పొద్దున్న నా పరువు పోతంటే అక్కడే ఉన్నావ్. నోరు పెగిలిందేటి నీకు?"

పుష్ప ఒక్కో మానిటర్ మీదా ఆ ఫొటో పెట్టించింది. ఒకదాంట్లో ముఖం ఎర్రబడింది. ఇంకోదాంట్లో పక్కనుంచి చూస్తే నల్లటి మచ్చ అయిపోయింది. మూలనున్న ఒక సాదా మానిటర్‌లో మాత్రం ముసలమ్మ ముసలమ్మలాగే ఉంది. గడ్డం మీది పచ్చబొట్టు, కాగితం ఫొటోలో ఉన్నట్టే ఆకుపచ్చగా కనబడింది. పాడైన ఫ్లెక్స్‌లో అది నీలంలో కలిసిపోయింది.

"ఇది ఇయ్యండి."

"దానికి లుక్ ఉండదు మేడమ్."

"నాను దాన్ని సూడను, దాంట్లో సూత్తాను."

దేవీప్రసాద్ బావకు ఫోన్ కలిపాడు. వంపుదే కొనమని, షాపుకు వచ్చినవాళ్ళకు గొప్పగా ఉంటుందని అచ్యుతరామయ్య చెప్పడం స్పీకర్‌లో వినిపించింది. పుష్ప ఫోన్ లాక్కుంది.

"అదే కొనండి సార్. దాని ముందు మీరే కూసోండి. నాను ఇటునుంచి ఇటే భీమిలి ఎల్లిపోతాను."

అచ్యుతరామయ్య దిగొచ్చాడు. "సర్లే, నీకు కావల్సిందే తెచ్చుకో."

సాయంత్రానికి కొత్త ఫ్లెక్స్ తయారైంది. ఈసారి ముందు ముక్క ప్రింటు తీసి, ఫొటోతో సరిచూసుకుంది. ఎవర్నీ అడగలేదు.

మర్నాడు ఎల్లారావు వచ్చి దాన్ని చాలాసేపు చూశాడు. వంగి, ఆ పచ్చబొట్టు మీద చెయ్యి వేశాడు. "ఆఁ, మాయమ్మే," అన్నాడు. చుట్టచుట్టి భుజాన పెట్టుకుని, యజమాని వైపు చూడకుండా వెళ్ళిపోయాడు.

"అయిపోయింది కదా. ఇంక ఆ మూతి ముడుచుకోడం మానెయ్," అన్నాడు అచ్యుతరామయ్య.

"ఎక్కడ అయిపోయింది సార్? తప్పు నాది కాదని ఆయనకి మీరు సెప్పాల. ఇప్పుడైనా సెప్పారేటి?"

అచ్యుతరామయ్య ఫోన్ చెవిన పెట్టుకుని బయటికి నడిచాడు. పుష్ప తర్వాతి పని తెరిచింది. ఆ రోజంతా అతనితో ఒక్క మాట మాట్లాడలేదు. మర్నాడు కూడా.