క్లచ్ గట్టిగైంది

ఒక ఆదివారం ఉదయం ఎనిమిదీ పదికి కొత్తపేట సిగ్నల్ దగ్గర మా కారు ఆగిపోయింది. పచ్చ లైటు పడింది, మా ఆయన గేరు వేశారు, కారు ఒక్క గెంతు గెంతి ఇంజన్ ఆరిపోయింది. వెనక బస్సు హారన్ మోగించింది. పక్కన ఉన్న ఆటో డ్రైవరు వంగి లోపలికి చూశాడు. మా కారు అంత కిందికి ఉంటుంది.

"ఏంది అంకుల్, బొమ్మకారుకు సెల్లు ఏసుకోని రాలేదా?"

"సెల్లు ఏసిన తమ్మీ, చావి తిప్పుడు మర్శిపోయిన" అన్నారు మా ఆయన నవ్వుతూ. మళ్ళీ స్టార్ట్ చేసి, సిగ్నల్ దాటి, మెట్రో పిల్లర్ పక్కన ఆపారు. ఎడమ మోకాలు రుద్దుకుంటూ, "క్లచ్ గట్టిగైంది" అన్నారు.

ఆయన ఇప్పుడు లేరు. ఆ ఉదయానికి క్లచ్‌లో ఏ మార్పూ రాలేదు. ఆయన కాలిలో బలం తగ్గడం మొదలైంది. అది మాకు చాలా ఆలస్యంగా తెలిసింది. ఆ ఆలస్యంలో నా వంతు ఎంత అన్నది చూసుకోవడానికే ఇది రాస్తున్నాను.

అది రెండు సీట్ల పాత స్పోర్ట్స్ కారు. ఎవరో విదేశం నుంచి తెచ్చుకుని, ఇక్కడి గుంతలకు భయపడి అమ్మేశారు. ఆ మొదటి యజమాని దానికి పందెం కార్లకు వేసే క్లచ్ వేయించాడట. అందులో స్ప్రింగులు గట్టివి కాబట్టి మేము కొన్నప్పటి నుంచీ పెడల్ బరువే. మా ఆయన దాన్ని లెక్కచేయలేదు. పోచంపల్లి దగ్గరి ఊళ్ళో పెళ్ళీడు వచ్చేదాకా మగ్గం గుంటలో కాళ్ళు పెట్టి నేసిన మనిషి. తర్వాత దిల్‌సుఖ్‌నగర్‌లో చీరల దుకాణం పెట్టారు. "మా నాయిన మగ్గం తొక్కిండు, నేను క్లచ్ తొక్కుతున్న. మా ఖాందాన్ల కాళ్ళకు సెలవు లేదు" అనేవారు. దుకాణానికి మెట్రోలో వెళ్ళేవారు. కారు ఆదివారాలకే. మాకు పిల్లలు లేరు. ఆ కారును తుడవడం, దానికి కవరు కప్పడం చూసి చుట్టుపక్కల వాళ్ళు ఏవేవో అనేవారు. ఆయన పట్టించుకోలేదు, నేనూ పట్టించుకోలేదు.

మా పుట్టింటివాళ్ళు గుంటూరు వైపు నుంచి వచ్చి ఇక్కడ స్థిరపడ్డవాళ్ళు. నేను బడిలో తెలుగు చెప్పేదాన్ని. పెళ్ళయిన కొత్తలో ఒకరోజు ఆయన జ్వరంతో పడుకుని "సాతనైతలేదు" అంటే, "ఏం చేతకావడం లేదు?" అని అడిగాను. మా వైపు చేతకాకపోవడమంటే పని రాకపోవడం. ఇక్కడ ఆ మాటకు ఒంట్లో బాగాలేదని, ఓపిక లేదని అర్థం. తర్వాత అది మా ఇంట్లో వేళాకోళం అయిపోయింది. ఆయన ఎప్పుడు ఆ మాట అన్నా నేను "చేతకాకపోతే మానేయండి" అనేదాన్ని. అర్థం తెలిసి కూడా అనేదాన్ని.

ఆ ఆదివారం ఎల్బీ నగర్‌లో మా ఇంటి మెట్లు ఎక్కుతూ మధ్యలో ఆగి, "కాలు సాతనైతలేదు టీచరమ్మా" అన్నారు.

"చేతకాకపోతే అమ్మేయండి కారు" అన్నాను.

ఇద్దరం నవ్వుకున్నాం.

మర్నాడు సాయంత్రం నాకే ఆ క్లచ్ చూడాలనిపించి, కిందికి వెళ్ళి ఆయన సీట్లో కూర్చున్నాను. నాకు గేర్లు లేని స్కూటర్ తప్ప మరో బండి రాదు. ఆ పెడల్ మీద అంతకుముందు ఎప్పుడూ కాలు పెట్టలేదు. బలంగా తొక్కితే సగం దాకా వెళ్ళి ఆగింది. రెండోసారి సీటుకు వీపు ఆనించి తొక్కాను.

"అమ్మో, బండలా ఉందండీ. ఇది తొక్కితే ఎవరి కాలైనా పోతుంది."

ఆయన డోరు పట్టుకుని నిలబడి ఉన్నారు. "నిజంగనేనా?" అన్నారు.

"నిజంగానే."

"మల్లొక్కసారి తొక్కు."

తొక్కాను. మళ్ళీ అదే చెప్పాను. అన్నిసార్లు ఎందుకు అడుగుతున్నారని నేను అనుకోలేదు.

ఆయన మేనమామ కొడుక్కి బడంగ్‌పేట్‌లో కార్ల షెడ్డు ఉంది. పని బాగా వచ్చు, మాటలు అంతకన్నా బాగా వచ్చు. తర్వాతి ఆదివారం కారు అక్కడికి తీసుకెళ్ళాం. అతను కూర్చుని రెండుసార్లు తొక్కి చూశాడు.

"ఎప్పటి లెక్కనే ఉన్నది గద బావ."

నేను అడ్డుపడ్డాను. "నీకు రోజూ తొక్కి తొక్కి అలవాటైపోయింది తమ్ముడూ. నేను చూశాను, బండలా ఉంది."

"అక్క టెస్టింగ్ చేసినంక ఇగ నేనేం మాట్లాడ్త!" అని పెద్దగా నవ్వాడు. "అయినా దిల్‌సుఖ్‌నగర్ కెల్లి ఎల్బీ నగర్ దాంక బండి నడిపెటోళ్ళల్ల ఎడమకాలు గుంజనోడు ఎవడున్నడు? సర్వో ఏద్దాం బావ. బ్రేకుకు ఉంటది సూడు, గసొంటిదే. పెడల్ మీద కాలు పెడితే సాలు, మిగిలింది గదే తొక్కుకుంటది."

మా ఆయన నా వైపు చూశారు. నేను వేయించమన్నాను.

సర్వో చూడటానికి గుండ్రటి రేకు డబ్బా. ఇంజన్ గాలి పీల్చుకునే చోటి నుంచి దానికి ఒక గొట్టం వస్తుంది. మన కాలి బలానికి ఆ పీల్పు బలం తోడై క్లచ్‌ను కదుపుతుంది. అతను ఒక పాత వ్యాను బ్రేకుకున్న సర్వోను స్క్రాప్ దుకాణంలో సంపాదించాడు. బ్యాటరీ పక్కన పట్టే చోటు లేక, బ్యాటరీని జరిపి, ఇనుప పట్టీ వెల్డింగ్ చేయించి బిగించాడు. మొదటిసారి పెడల్ కిందికి వెళ్ళి పైకి రావడానికి బద్ధకించింది. మళ్ళీ విప్పాడు. పని ఆ ఆదివారం తెమలక పై ఆదివారానికి పడింది.

చివరికి క్లచ్ నూనె పారే గొట్టాల్లో చిక్కుకున్న గాలి తీయాలి. ఒకరు పెడల్ తొక్కి పట్టుకోవాలి, మరొకరు కింద నట్టు వదులు చేయాలి. మా ఆయన లేవబోతే నేనే కూర్చోబెట్టాను, కాలికి విశ్రాంతి అని.

"తొక్కక్కా" అన్నాడు కారు కింద నుంచి.

తొక్కాను.

"పట్టుకో, పట్టుకో... ఆ, ఇడువు. మల్ల తొక్కు. అక్కా, ఊపిరి బిగబట్టుడు అవసరం లేదు, పెడల్ పట్టుకుంటే సాలు."

"నాకు జీతం ఇస్తావా తమ్ముడూ?"

"బావ ఇస్తడు. చీర."

మా ఆయన స్టూలు మీద కూర్చుని నవ్వుతున్నారు. నవ్వుతూనే ఎడమ పాదం వేళ్ళు పైకెత్తుతున్నారు, దించుతున్నారు. చెప్పు సరిచేసుకుంటున్నారనుకున్నాను.

పని అయ్యాక సాగర్ రోడ్డు మీద తుర్కయంజాల్ దాకా వెళ్ళాం. ఒకటో గేరు, రెండో గేరు, మళ్ళీ ఒకటి. అవసరం లేకపోయినా మార్చారు. "దూది లెక్కున్నది" అన్నారు. రోడ్డు పక్కన ఆపి మొక్కజొన్న కంకులు కాల్పించుకుని తిన్నాం. ఆ రోజు ఆయన చాలా సంతోషంగా ఉన్నారు. అంత తేలిక పడ్డ మొహాన్ని నేను అంతకుముందు కొన్ని నెలలుగా చూడలేదన్నది ఆ తర్వాతే గుర్తొచ్చింది.

ఆ తర్వాత చాలాకాలం కారు ఎక్కడా ఆగలేదు. నేను అందరికీ గొప్పగా చెప్పుకున్నాను. చెప్పు జారిపోతుంటే కొత్త జత కొన్నాను. నడుస్తుంటే పాదం నేలకు రాసుకుంటోందని తెలిసి, "కాళ్ళు ఈడుస్తూ నడవకండి, చూసేవాళ్ళకు బాగుండదు" అన్నాను. పిల్లలకు చెప్పినట్టే చెప్పాను. పెడల్ తేలికగా ఉంది కాబట్టి కాలు బాగయిందని అనుకున్నాను. అలా అనుకోవడం సులభం.

ఒక మధ్యాహ్నం దుకాణం గడప తట్టుకుని పడ్డారు. పనివాళ్ళు లేపితే ఎడమ కాలు మీద నిలబడలేకపోయారు. దవాఖానలో నరాల డాక్టరు దగ్గరికి పంపారు.

"ఎప్పటి నుంచి ఉంది?" అని అడిగాడు డాక్టరు.

"పడ్డ రోజు నుంచి" అని నేను, "క్లచ్ గట్టిగైనప్పటి సంది" అని ఆయన, ఒకేసారి చెప్పాం.

డాక్టరుకు అర్థం కాలేదు. నేను కారు సంగతి, సర్వో సంగతి మొదటి నుంచి చెప్పాను. డాక్టరు ఓపికగా విని, "క్లచ్‌లో ఏమైనా లోపం దొరికిందా అమ్మా?" అని అడిగాడు.

"లేదు" అన్నాను. ఆ మాట నా నోటి నుంచి వచ్చాక నాకు తెలిసింది.

కండరాలను ఆడించే నరాలు కొద్దికొద్దిగా చచ్చిపోయే జబ్బు అది. మేము ముందే వచ్చి చూపించుకున్నా పెద్ద తేడా ఉండేది కాదని డాక్టరే చెప్పాడు. చుట్టాలు ఇప్పటికీ ఆ మాటే గుర్తుచేస్తారు. మందు విషయంలో అది నిజమే అయి ఉంటుంది. నేను కాదనను.

మంచం పట్టాక ఒకరోజు ఆయన పాదాలకు నూనె రాస్తున్నాను. ఎడమ పాదం అప్పటికే బాగా సన్నబడింది.

"గప్పుడు నాకు మస్తు భయమైంది" అన్నారు. "క్లచ్ గాదు, కాలే అనిపిచ్చింది. నువ్వు కూసోని తొక్కి గట్టిగున్నదన్నవ్ సూడు, పానం నిమ్మలమైంది."

నన్ను తప్పుపట్టడానికి అన్నది కాదు. మంచి జ్ఞాపకం చెబుతున్నట్టే చెప్పారు.

"అంత భయం ఉంటే నాకు చెప్పొచ్చుగా?"

"చెప్పిన గద. అమ్మెయ్యమన్నవ్."

నవ్వారు. ఆ నవ్వు కోసం నేనూ నవ్వాను. చేతికి అంటిన నూనె తుడుచుకోవడానికని వంటింట్లోకి వెళ్ళాను.

నేను పెడల్ తొక్కి చూసేనాటికే ఆ భయంతో ఆయన కొన్ని నెలలుగా ఉన్నారు. మెట్రో మెట్ల మీద, దుకాణంలో, నా పక్కనే కారులో. తోడు ఎవరూ లేరు. నేను తోడు వెళ్ళవలసిన చోటుకి రేకు డబ్బా కొనిపించి పంపాను. అది ఎవరైనా చేసే పొరపాటే అంటారు. ఎవరు చేసినా, మా ఇంట్లో చేసింది నేను.

ఆయన పోయాక, బండి నిలిపి ఉంచితే పాడవుతుందని, వారానికోసారి స్టార్ట్ చేయమని ఆయన మామ కొడుకు చెప్పాడు. కొన్నాళ్ళు చేశాను. ఇంజన్ ఆపి ఉన్నప్పుడు సర్వో సాయం చేయదు, పెడల్ మొదటి బరువుతోనే ఉంటుంది. తాళం తిప్పే ముందు ఒకసారి తొక్కి చూసేదాన్ని. ఆ మొదటి సాయంత్రం ఉన్నంతే ఉందా, ఎక్కువా, తక్కువా అని. ప్రతిసారీ బరువుగానే ఉండేది. అంతకుమించి నా కాలికి ఏమీ తెలియలేదు. అప్పుడూ అంతే తెలిసింది.

మొన్న వానాకాలంలో తాళాలు అతనికి ఇచ్చేశాను. వీలైనప్పుడు అతనే వచ్చి స్టార్ట్ చేసి పోతాడు. నేను ఆ సీట్లో కూర్చోవడం మానేశాను.