ఫోటో అంగి

మీరు చొక్కాను చూశారు, మనిషిని చూడలేదు. ఔను, మిమ్మల్నే అంటున్నాను. గల్ఫ్ నుంచి వచ్చిన ఫోటోకి ఫ్రేము కట్టించి, ‘వాడికేం, దొరలెక్క ఉన్నడు’ అని మురిసిన మిమ్మల్నే.

మా చిన్నప్పుడు... నాన్న బహ్రెయిన్‌లో ఉండేవాడు. ఊరికి మాత్రం అదీ దుబాయే. ఓసారి ఫోటో పంపాడు. నీలం గళ్ల చొక్కా, మెడ దాకా గుండీలు, వెనక కారు... అమ్మ దాన్ని సందుగ పెట్టె మీద నిలబెట్టింది.

నెల తిరక్కుండానే పక్కింటి పద్మ వాళ్ల నాన్న ఫోటో వచ్చింది. అదే చొక్కా.

“మీ నాయిన మా నాయిన అంగి దొంగిలించిండు” అంది పద్మ. దాని జుట్టు పట్టుకుని వంచాను. తర్వాత మేం మాట్లాడుకోలేదు... ఇప్పటిదాకా.

నేనిప్పుడు బహ్రెయిన్‌లోనే, జింజ్‌లో ఉంటున్నాను. నాన్న లేడు. ఆయన బతికిన చోటు చూద్దామని మొన్న శుక్రవారం నువైద్రాత్ ఊరు దాటి, ఎడారి రోడ్డు వెంట వెళ్లాను. రేకు కప్పుల గదులు పది, ఒక చాయ్ కొట్టు, ఇసుక. ఆ రోడ్డు వేసినవాళ్ల కోసం కట్టిన క్యాంపు. వచ్చే వారం కూల్చేస్తారట.

ఇరవై ఏళ్లప్పుడు వచ్చి అక్కడే ముసలివాడైన మల్లయ్య కాకకు నాన్న పేరు చెప్పాను. ఒక గదిలోకి తీసుకెళ్లి, గోడకున్న మేకు చూపించాడు. క్యాంపు మొత్తానికి మంచి చొక్కా ఒక్కటేనట, ఆ మేకుకే ఉండేదట. ఫోటో దిగినవాడు ఉతికి, ఇస్త్రీ చేసి, మళ్లీ అక్కడే తగిలించాలట. కారేమో రోడ్డు మీద ఆగినవాళ్లెవరిదోనట.

“మీ నాయినకు బుజాల కాడ బిగుతయ్యేది బిడ్డా. అయినా పై గుండీ ఇప్పకపోయేటోడు. ఎండకు మెడ కాలి తోలు లేసింది... మీ అమ్మకు కనవడొద్దని.”

నేనది ఫ్యాషన్ అనుకున్నాను.

మేకు కింద, ఆ చొక్కా తొడిగిన ప్రతివాడి పేరూ సిమెంటు మీద గీకి ఉంది. నాన్న పేరు కింద పద్మ వాళ్ల నాన్నది. ఈ చోటు చరిత్ర ఎక్కడైనా రాశారా అని అడిగితే కాక నవ్వాడు.

“రోడ్డయింది, మనం ఖలాస్.”

నాకు వాదించే ఓపిక అయిపోయింది. కూల్చేవాళ్లనూ, మిమ్మల్నీ అడగాల్సినవి అడుగుతున్నాను.

కూల్చేముందు ఆ గోడ మీది పేర్లన్నీ రాసుకోనివ్వండి.

ఆ పేర్లతో రోడ్డు పక్కన ఒక పలక పెట్టండి.

మల్లయ్య కాకను ఎక్కడికి పంపుతున్నారో ముందే ఆయనకు చెప్పండి.

మీ ఇంట్లో నీలం గళ్ల చొక్కా ఫోటో ఉంటే, మనిషి పేరు రాసి ఈ రాత కింద పెట్టండి.

పద్మా, దొంగ ఎవరూ లేరు. మాట్లాడు.