గూడబాతుల్ని లెక్కపెట్టిన మధ్యాహ్నం

మా చిన్నతనంలో... కోటప్పకొండ తిరునాళ్ళు ముగిసేసరికి మా చెరువులోని తుమ్మచెట్ల నిండా గూడబాతు పిల్లల అరుపులే. కొల్లేటి వైపు నుంచి వచ్చి గూళ్ళు కట్టేవి... గొంతు కింద సంచీ వేలాడేసుకుని, అంత పెద్ద పక్షులు.

చెరువుగట్టున మెకానిక్ కాశిం మామ షెడ్డు. ఏటా ఆయన గట్టు మీద నుంచే గూళ్ళు లెక్కపెట్టి, రేకు తలుపు మీద రంగుతో గీతలు గీసేవాడు. ఏడాదికొక వరస. పదో తరగతిలో ఉండగా గమనించాను... పై వరస తలుపు అంచుదాకా ఉంటే, అన్నిటికన్నా కింది వరస సగంలోనే ఆగిపోయింది.

ఆ ఏడే పంచాయతీవాళ్ళు తుమ్మల్ని వేలం వేస్తామన్నారు. నాకు ఒళ్ళు మండింది. నరసరావుపేట బస్టాండులో దొరికిన కరపత్రాలన్నీ చదివి ఊగిపోతున్న రోజులు. కలెక్టరుకు అర్జీ రాశాను. అందులో గూళ్ళ లెక్క కచ్చితంగా ఉండాలని నా పట్టుదల.

చెట్ల దాకా వెళ్ళడానికి ట్రాక్టరు ట్యూబు అడిగితే మామ ఇవ్వలేదు.

"ఈడ నుంచి చూసింది చాల్లేరా. పిల్లలున్న గూళ్ళకాడికి పోబాక."

"నీ గీతలు చూసి కలెక్టరు నమ్ముతాడా మామా?"

"ఆయన సంగతి సరే... అయ్యి బెదిరితే ఏం జేస్తావు?"

ఆయన భోజనానికి వెళ్ళగానే ట్యూబు నీళ్ళలోకి తోశాను.

నేను దగ్గరికి చేరేసరికి పెద్ద పక్షులన్నీ ఒక్కసారిగా లేచిపోయాయి. మిట్టమధ్యాహ్నం. ఈకలైనా రాని పిల్లలు ఎండలో నోళ్ళు తెరిచాయి. నేను లెక్కపెడుతూనే ఉన్నాను... నలభై ఒకటి, నలభై రెండు... కాకులు గూళ్ళ మీద వాలుతున్నా ఆపలేదు. గట్టు మీద నుంచి మామ వెనక్కి రమ్మని అరుస్తున్నాడు. చివరి చెట్టు కూడా అయ్యాకే తిరిగాను.

మామ కొట్టలేదు. "అయిందా నీ లెక్క?" అన్నాడు, అంతే. సాయంత్రానికి చెట్ల కింద నీళ్ళలో పిల్లలు తేలాయి...

అర్జీ పనిచేసింది. వేలం ఆగింది. ఊరంతా నన్ను మెచ్చుకుంది. నేను చేసింది మామ ఎవరికీ చెప్పలేదు.

మరుసటేడు తుమ్మలు ఉన్నాయి... గూడబాతులు రాలేదు. ఆ పైయేడూ రాలేదు.

ఆ మెప్పు నన్ను ఇప్పటికీ కుదురుగా కూర్చోనివ్వదు. దారిలో ఏ చెరువు కనబడినా బస్సు కిటికీలోంచి మెడ చాచి వెతుకుతాను. ఇప్పుడు అందరి చేతుల్లో కెమెరాలే... గూటికి జానెడు దూరంలో తీసిన ఫోటోలు చూస్తే కోపం ఎవరి మీద వస్తుందో కూడా తెలియదు.

మీ ఊరి చెరువులో ఏ పక్షులు ఉండేవి? ఇప్పుడు ఎన్ని వస్తున్నాయి? రాయండి... కాకపోతే గట్టు మీద నుంచే చూసి.