గట్టు మాత్రం నాదే

మా ఆయన పోయాక చర్చిలో జ్ఞాపకార్థ కూడిక పెట్టారు. మైకు ముందుకొచ్చిన వాళ్ళు అటూ ఇటూ తిప్పి మూడు సంగతులే చెప్పారు. మంచి రైతు. పెళ్ళాన్ని ప్రాణంలా చూసుకున్నాడు. ముప్పై ఏళ్ళలో ఒక్క ఆదివారం కూడా చర్చి మానలేదు. మొదటి రెండూ నిజం. మూడోది కాదు. ఆయన వరసగా ఐదు ఆదివారాలు మానాడు. ఆ ఐదు వారాలూ సబ్ జైల్లో ఉన్నాడు, ఒక మనిషి మోకాలు పారతో విరగ్గొట్టినందుకు. అక్కడ కూర్చున్న అందరికీ ఆ సంగతి తెలుసు. ఎవరో ఒకరు ఎత్తుతారేమోనని ముందు వరసలో కూర్చుని చూశాను. ఎవరూ ఎత్తలేదు. అందుకే నేను రాస్తున్నాను. పాతికేళ్ళు అంగన్‌వాడీలో పిల్లల చేత అక్షరాలు దిద్దించిన దాన్ని, రాయడం నాకు కష్టమేమీ కాదు.

మాది ప్రత్తిపాడు దాటి లోపలికి పోయే రోడ్డు మీద ఊరు. ఆయనకి వాళ్ళ నాన్న సంపాదించి ఇచ్చిన రెండెకరాల నల్లరేగడి ఉంది. ఒక ఎకరంలో పత్తి, ఇంకో ఎకరంలో మిరప వేసేవాడు. పొద్దున్నే చేను చూసొచ్చి, "ఇవాళ ఎందుకో తల వేలాడేసినై" అని మొక్కల గురించి ఇంట్లో మనుషుల గురించి చెప్పినట్టు చెప్పేవాడు. పెళ్ళైన కొత్తలో నేను మిరప కోతలకి పోయొచ్చి, వేళ్ళు మండి అన్నం కలుపుకోలేక కంచం ముందు కూర్చుని ఏడుస్తుంటే ఆయనే కలిపి ముద్దలు చేసి పెట్టాడు. మీ చేతులు మండవా అనడిగితే, "నా తోలు ఎప్పుడో చచ్చిందిలే, తిను" అన్నాడు. వాళ్ళక్క చూసి ఊరంతా చెప్పి నవ్వింది. ఆయన పట్టించుకోలేదు. శనివారం సాయంత్రం ఒంటికి రెండుసార్లు సబ్బు రుద్దుకునేవాడు. పురుగుమందు వాసనతో దేవుడి దగ్గరికి పోకూడదని ఆయన పట్టుదల.

మా చేనుకి తూర్పున ఒక పెద్ద రైతు పొలం. ఊళ్ళో అందరూ ఆసామి అనేవాళ్ళు, నేనూ అలాగే అంటాను. ఏటా దుక్కి అప్పుడు ఆసామి ట్రాక్టరు మా మధ్య గట్టుని జానెడు జానెడు చెక్కుకుంటూ వచ్చేది. మూడేళ్ళలో మాకు రెండు సాళ్ళ నేల పోయింది. మా ఆయన రెండుసార్లు వాళ్ళింటికి వెళ్ళి చెప్పాడు. "ట్రాక్టరోడికి చెప్తాలే" అన్నాడు ఆసామి. మూడోసారి వెళ్తే గేటు తియ్యలేదు.

మిరప పూత మీద ఉన్న రోజులు. ఆరోజు అంగన్‌వాడీకి సెలవు, నేను చేలో కలుపు తీస్తున్నాను. పొద్దున పది అయి ఉంటుంది. ఆసామి కొడుకు ట్రాక్టరు నడుపుతున్నాడు, ఆసామి పార భుజాన వేసుకుని వెనకాలే నడుస్తున్నాడు. చూస్తుండగానే ట్రాక్టరు గట్టెక్కి మా మొదటి సాలు మీదికి దిగింది. పూతతో ఉన్న మొక్కలు చక్రాల కింద పటపటమని విరిగాయి. అవతల మందు కొడుతున్న మా ఆయన వీపు మీది డబ్బా దింపి పరిగెత్తి ట్రాక్టరుకి ఎదురు నిలబడ్డాడు.

"లే, పక్కకి లే" అన్నాడు కొడుకు.

"వెనక్కి తీసుకో. ఇది నా చేను."

కొడుకు దిగాడు. కంచె కర్ర ఒకటి పీకి మా ఆయన భుజం మీద కొట్టాడు. మా ఆయన చేతులు ఎత్తలేదు. "వెనక్కి తీసుకో" అని మళ్ళీ అన్నాడు. రెండో దెబ్బ మెడ మీద. మూడోది మోచేతి మీద. ప్రతి దెబ్బకీ అదే మాట అంటున్నాడు. నేను వెళ్ళి కొడుకు చేతిలో కర్ర పట్టుకుని లాగాను. అప్పుడు ఆసామి వెనకనుంచి వచ్చి పార తిప్పి పట్టి దాని కర్ర కామతో నా ఎడమ చెవి మీద కొట్టాడు.

దెబ్బ చప్పుడు నాకు వినపడలేదు. నోట్లోకి ఉప్పగా రక్తం వచ్చింది, మోకాళ్ళ మీద కూలబడ్డాను. పక్కకి చూస్తే మా ఆయన మొహం వేరే మనిషి మొహంలా ఉంది. ఆసామి చేతిలో పార ఒక్క గుంజుతో లాక్కున్నాడు. తల వైపు చూడలేదు, మోకాలు చూసి కొట్టాడు. ఎండు కట్టె విరిగినట్టు చప్పుడైంది. అది మాత్రం కుడి చెవితో విన్నాను. ఆసామి పడిపోయాడు. కొడుకు కర్ర వదిలేసి వెనక్కి వెనక్కి నడిచాడు. మా ఆయన పార మళ్ళీ ఎత్తాడు, ఈసారి తల మీదికి. నేను పాక్కుంటూ వెళ్ళి ఆయన నడుము వాటేసుకున్నాను. ఏం మాట్లాడానో తెలియదు. మాట్లాడానో లేదో కూడా తెలియదు. పార దిగింది. ఆసామి తలకి బెత్తెడు దూరంలో, నేలలోకి సగం దాకా దిగింది.

ఆయన తన కండువా చించి నా తలకి కట్టాడు. తర్వాత మిగిలిన ముక్కతో ఆసామి కాలు రెండు కర్రల మధ్య పెట్టి కట్టాడు. కొడుకు చూస్తూ నిలబడ్డాడు. నన్నూ ఆసామినీ అదే ట్రాక్టరుకి ట్రక్కు తగిలించి ఎక్కించారు. ఒకే ట్రక్కులో నేనూ ఆసామీ ఎదురెదురుగా పడుకుని గుంటూరు పెద్దాసుపత్రికి పోయాం. దారి పొడుగునా ఆసామి మూలుగుతూనే ఉన్నాడు. నాకు జాలి కలగలేదు.

ఎడమ చెవి ఇక రాదని డాక్టరుగారు చెప్పారు. రెండు వైపులా కేసులు పెట్టారు. మా ఆయన జైలుకి పోయాడు. నేను తలకి కట్టుతో చేనుకి మందు కొట్టించాను, కాలవ దగ్గర నీళ్ళ వంతుకి నిలబడ్డాను. ఐదు వారాల తర్వాత ఆయన బెయిలు మీద వచ్చి, తిన్నగా ఇంటికి రాకుండా చేనుకి పోయి కాయ చూసుకుని వచ్చాడు. ఆ వచ్చిన ఆదివారం చర్చిలో ప్రభువు బల్ల ఉంది. రొట్టె, ద్రాక్షరసం కోసం అందరూ లేచి ముందుకు పోతుంటే ఆయన చివరి వరసలోనే కూర్చున్నాడు. పాస్టరుగారు తర్వాత అడిగితే, "చేతులు బాగాలేవండి" అన్నాడు. పాస్టరుగారు పాపం, దెబ్బలు తగ్గలేదేమో అనుకున్నారు.

మార్చిలో కాయ కల్లానికి వచ్చింది. ఆ ఏడు కాయ మంచి రంగు. కల్లం నిండా ఎర్రగా ఆరబోశాం. ఒక ఆదివారం అందరం చర్చిలో ఉన్నాం. పాట మధ్యలో ముందు వరసలో ముసలామె దగ్గింది. తర్వాత ఇంకొకరు. నిమిషంలో చర్చి అంతా దగ్గులు, కళ్ళు మంటలు. మిరప కాలితే వచ్చే ఘాటు అది, రైతులకి వేరే చెప్పక్కర్లేదు. మా ఆయన పాటల పుస్తకం బెంచీ మీద పెట్టి చెప్పులు లేకుండా పరిగెత్తాడు.

కల్లం మండుతోంది. డీజిలు వాసన. గాలి తిరిగి పొగంతా నేల మీదే పరుచుకుంది. ఎవరూ దగ్గరికి పోలేకపోతున్నారు. ఆ పొగలో ఒక మనిషి చేతులతో నేల తడుముకుంటూ పాకుతున్నాడు. అంటించినవాడే. గాలి తనవైపు తిరుగుతుందని అనుకోలేదు. మా ఆయన చొక్కా విప్పి నీళ్ళ డ్రమ్ములో ముంచి మొహానికి చుట్టుకుని లోపలికి పోయాడు. ఎంతసేపో నాకు తెలియదు, చాలాసేపు అనిపించింది. ఆ మనిషిని రెండు కాళ్ళూ పట్టి ఈడ్చుకుంటూ బయటికి వచ్చాడు. ఆసామి కొడుకు.

ఇక్కడిదాకా చర్చిలో అప్పుడప్పుడు చెప్పుకుంటారు. తర్వాత జరిగింది చెప్పుకోరు. మంచి గాలి తగిలే చోటికి తెచ్చి, వాడు ఊపిరి పీల్చుకున్నాడని చూసుకుని, వాడి రొమ్ము మీద కూర్చుని మా ఆయన పిడికిళ్ళతో కొట్టాడు. ఒక్కో దెబ్బకీ దగ్గుతూ కొట్టాడు. వాడు కళ్ళు తెరవలేక ఎటునుంచి వస్తుందో తెలియక మొహానికి చేతులు అడ్డం పెట్టుకునేవాడు, ఈయన ఆ చేతుల సందుల్లోంచి కొట్టేవాడు. ముందు పళ్ళు రెండు ఊడి నేల మీద పడ్డాయి. నలుగురు పట్టి లాగితే గానీ లేవలేదు. ఆరోజు నేను నడుము పట్టుకోలేదు. దూరంగా నిలబడి చూశాను. కొట్టనీ అనుకున్నాను. ఇన్నేళ్ళకి ఆ మాట రాస్తున్నాను.

లేచాక ఆయనే డ్రమ్ము దగ్గర్నుంచి నీళ్ళు తెచ్చాడు. వాడి తల తొడ మీద పెట్టుకుని కళ్ళు కడిగాడు. వాడు ఏడుస్తున్నాడు. ఈయన దగ్గుతున్నాడు. వెనక మా ఏడాది కష్టం బూడిదవుతోంది.

ఆ తర్వాత రెండు వైపుల పెద్దలు కూర్చుని కేసులు రాజీ చేశారు. సర్వేయరు వచ్చి కొలిచి మధ్యలో రాళ్ళు పాతాడు. మా రెండు సాళ్ళూ మాకు తిరిగొచ్చాయి. కానీ నేను భయపడిపోయాను. పొలం అమ్మేసి గుంటూరు పోదాం, అక్కడ ఏదో ఒక పని చేసుకుందాం అని రోజూ పోరాను. ఒక మధ్యాహ్నం అన్నం దగ్గర, "ఆ మన్ను కోసం నన్ను కూడా చంపుకుంటారా" అన్నాను. కంచం మీద నుంచి లేచి నా చెంప మీద కొట్టాడు. ఎడమ వైపు. పోయిన చెవి మీద.

పెళ్ళైన ఇన్నేళ్ళలో అది ఒక్కటే దెబ్బ. ఒక్కటే కదా అని నేను తీసిపారెయ్యను. ఆయనా తీసిపారెయ్యలేదు. చెయ్యి కడుక్కోకుండా అలాగే మా అన్న ఊరికి పోయాడు. ఆరు మైళ్ళు నడిచి, వాకిట్లో నిలబడి, "బావా, మీ చెల్లెల్ని కొట్టాను. ఏం చేస్తావో చెయ్యి" అన్నాడట. మా అన్న కోపిష్టి. చెప్పు తీసుకుని మొహం వాచేలా కొట్టాడు. ఈయన చేతులు వెనక్కి పెట్టుకుని నిలబడ్డాడట. మా వదిన వచ్చి ఆపింది. సాయంత్రానికి ఇద్దరూ కలిసి మా ఇంటికొచ్చారు. పొలం అమ్మే మాట నేను మళ్ళీ ఎత్తలేదు. కొట్టాడని కాదు. ఆ నేల లేకపోతే ఆ మనిషి ఏమైపోతాడో ఆరోజు అర్థమైంది.

ప్రభువు బల్లకి మాత్రం ఆయన పోలేదు. ప్రతి ఆదివారం చర్చికి వచ్చేవాడు, పాడేవాడు, అందరికంటే ముందే మోకరించేవాడు. బల్ల వారం వచ్చిందంటే చివరి వరసలో తల దించుకుని కూర్చునేవాడు. అలా ఏడేళ్ళు.

ఏడో ఏడు ఒక శనివారం సాయంత్రం స్నానం చేసి, తెల్లచొక్కా వేసుకుని, "ఇదిగో, రా. నువ్వు కూడా ఉండాలి" అన్నాడు. ఎక్కడికని అడగలేదు. ఆసామి ఇంటి ముందు ఆగాడు. ఈసారి గేటు తీసే ఉంది. ఆసామి వరండాలో కుర్చీలో కూర్చుని ఉన్నాడు, ఒక కాలు చాపి. అది వంగదు.

"ఏంటి ఇలా వచ్చావు?" అన్నాడు.

"రేపు బల్ల ఉంది."

"ఏం బల్ల?"

మా ఆయనకి చెప్పడం చేతకాలేదు. నేను చెప్పాను. పక్కవాడితో పగ పెట్టుకుని ఆ రొట్టె ముట్టుకోవడం ఈయనకి మనసొప్పడం లేదని చెప్పాను. ఆసామి విని, "అంటే మీ దేవుడు పంపితే వచ్చావా?" అన్నాడు.

మా ఆయన, "కాదు. నేనే వచ్చా" అన్నాడు. "నీ మోకాలు విరగ్గొట్టింది తప్పు. నీ కొడుకుని, కళ్ళు కనపడని వాణ్ణి పట్టుకుని కొట్టింది అంతకంటే తప్పు. గట్టు మాత్రం నాదే."

ఆసామి లోపలికి తిరిగి, "టీ పెట్టు" అని భార్యకి కేకేశాడు. తర్వాత నావైపు చూశాడు. పక్కనున్న ఖాళీ కుర్చీని చేత్తో పట్టుకుని, అవస్థపడుతూ, తన కుర్చీ కుడి పక్క నుంచి ఎడమ పక్కకి లాగి పెట్టాడు. "ఇటు కూర్చో అమ్మా. ఆ చెవి వైపైతే నీకు వినపడదు" అన్నాడు. తనే కొట్టాననిగానీ, తప్పనిగానీ అనలేదు. నేను కూర్చున్నాను. టీ తాగాను. క్షమించావా అని మా అమ్మాయి ఈ మధ్య అడిగింది. టీ తాగాను, అంతే చెప్పగలను.

మర్నాడు ఆయన ముందుకు నడిచాడు. పాస్టరుగారు కొత్తాయన, ఆయనకి ఈ కథ తెలియదు. రొట్టె ముక్క చేతిలో పెడుతుంటే మా ఆయన వేళ్ళ సందుల్లోంచి జారి కింద పడింది. ఒంగి తీసుకుని, మన్ను తుడవకుండా నోట్లో పెట్టుకున్నాడు.

తర్వాత ఎనిమిదేళ్ళు బతికాడు. ఎవరి మీదా చెయ్యెత్తలేదు. అరవడం మాత్రం మానలేదు, కాలవ నీళ్ళ దగ్గర ఆయన గొంతు ఊళ్ళోకి వినపడేది. ఊపిరితిత్తులు మెల్లగా పాడయ్యాయి. పోయిన ఫిబ్రవరిలో, మిరప కోతలు నడుస్తుండగా, పొద్దున టీ గ్లాసు చేతికిస్తే రెండు గుక్కలు తాగి, "ఇవాళ ఎంతమంది వచ్చారు కోతకి?" అని అడిగాడు. పద్నాలుగు మంది అన్నాను. మంచిదే అన్నట్టు తలూపి కళ్ళు మూసుకున్నాడు. కాసేపటికి గ్లాసు తీసుకుందామని చేతిలోంచి లాగితే వేళ్ళు వదల్లేదు.

కోతకొచ్చిన ఆడవాళ్ళు చేలోంచి అలాగే వచ్చారు. మండే చేతులతో మొహం తుడుచుకోవడానికి లేక, భుజాలకేసి కళ్ళు రాసుకుంటూ ఏడ్చారు. మూడో రోజు మళ్ళీ కోత పెట్టించాను. పండిన కాయ చెట్టు మీద వదిలేస్తే రంగు పోయి తాలు అయిపోతుంది. ఎర్రచీర కట్టుకుని నేను కూడా ఒక సాలు పట్టాను. ఈ ఏడు కూడా మిరపే వేశాను.