నూకరాజు జేబులో ప్లగ్గులు

నూకరాజు ఏ ఇంట్లో అడుగుపెట్టినా ఆ ఇంట్లో ఒక ప్లగ్గు తగ్గుతుంది. ఇది బిలాస్‌పూర్ రైల్వే కాలనీలో అందరికీ తెలిసిన సంగతే. షెడ్డులో డ్యూటీ దిగాక తెలిసినవాళ్ళ క్వార్టర్లలో కరెంటు పనులు చేసిపెట్టేవాడు. పనికి వంక పెట్టలేం. కానీ ఆ ఇంట్లో ఎర్తు తీగ లేదని తేలిందో, ఇస్త్రీపెట్టెదో కూలరుదో మూడు పిన్నుల ప్లగ్గు ఊడదీసి జేబులో వేసుకుని చక్కాపోతాడు. తీగ వేయించుకుంటేనే ప్లగ్గు తిరిగొస్తుంది.

ప్లగ్గు లేకపోతే ఆగిపోయే జనమా మనం? వైరు కొసలు పళ్ళతో ఒలిచి, సాకెట్లో పెట్టి, అగ్గిపుల్లలు దోపి నడిపించేస్తాం. ఆ సంగతి నూకరాజుకీ తెలుసు కాబట్టి పోతూ పోతూ అగ్గిపెట్టె కూడా పట్టుకుపోయేవాడు. దాంతో శంకరరావు గారింట్లో ఒక పూట స్టవ్వు వెలగక ఇంటిల్లిపాదీ అటుకులు తిన్నారు. అతని జేబు గలగల వినిపిస్తే చాలు, ఆడవాళ్ళు ఇస్త్రీపెట్టెలు మంచాల కింద దాచేసేవారు.

శాంతాదేవికి ఈ మనిషంటే ఒళ్ళు మంట. అయినా ఆ మే నెలలో పిలవక తప్పలేదు. కూతురు ప్రత్యూష ఆస్పత్రిలో ప్రసవించి, మర్నాడు పసిపిల్లతో ఇంటికొస్తోంది. బయట చూస్తే నిప్పులు చెరిగే ఎండ. గార్డు పని చేసే భర్త బండి వెంట ఎక్కడో కట్నీ దారిలో ఉన్నాడు. కొత్త ఇనప కూలరు బిగించకుండా మూలనుంది. చంటిదాన్ని ఈ ఉడుకులోకి ఎలా తెచ్చుకోవడమని ఆవిడ బెంగ.

నూకరాజు వచ్చాడు. కూలరు వంకైనా చూడకుండా నేరుగా పెరటి కుళాయి దగ్గరికెళ్ళి వంగాడు.

"అమ్మగారూ, ఈ గొట్టాన్నీ గోడలో ఎర్తునీ కలిపి ఒక తీగుండాల. ఏదది?"

ఆ తీగని శాంతాదేవే కిందటి వారం ఊడదీసింది. దాంతో ఏ దీపమూ వెలగదు, ఏ ఫ్యానూ తిరగదు. ఊరికే వేలాడుతోంది కదా అని రెండు స్తంభాల మధ్య బిగించి, పసిపిల్ల కోసం పాత పంచెలు చింపి ఉతికి దానిమీదే ఆరేసింది. ఆ మాటే దబాయించి చెప్పింది, అది ఏ పనీ చెయ్యదు కదా అని.

"దానికి పని పడకూడదమ్మా," అన్నాడు నూకరాజు. "కూలరు ఒంటికి కరెంటు దిగితే అది పోడానికి దారుండాల. దారి లేపోతే, తడిచేత్తో ముట్టుకున్న బాలింతరాల్లోంచి పోతాది."

శాంతాదేవి కాస్త తగ్గి, అయితే మళ్ళీ కట్టెయ్యమంది. తవ్వి చూస్తే భూమిలో ఎర్తు గొట్టం తుప్పు పట్టి విరిగిపోయి ఉంది. కొత్త గొయ్యి తవ్వి, బొగ్గూ ఉప్పూ నింపి, బాగా తడపాలి. రేపు సాయంత్రానికి గానీ కాదన్నాడు. అంతవరకూ కూలరు ఇలాగే నడవనిమ్మని, దాన్ని ఎవరినీ ముట్టుకోనివ్వనని ఆవిడ బతిమాలింది. నూకరాజు అంతా విని, "అచ్ఛా" అని తలూపి, కూలరు ప్లగ్గు ఊడదీసి జేబులో వేసుకున్నాడు. అగ్గిపెట్టె సరేసరి.

శాంతాదేవి గేటు దాకా వెంటపడింది. "చంటిపిల్ల ఉడికిపోతే నీ తీగొచ్చి విసురుతాదేటి?" అని వీధంతా వినేలా దులిపేసింది. అతను జేబు గలగలలాడించుకుంటూ పోయాడు.

మర్నాడు పొద్దున్నే గేటు ముందు ఒక రిక్షా ఆగింది. దాని మీద పాత చెక్క కూలరు, పడిపోకుండా దాన్ని వాటేసుకుని నూకరాజు భార్య చిన్నమ్మి. వెనక గునపం, బొగ్గుల బస్తాతో నూకరాజు. చెక్క కూలరుని కిటికీ బయట ఎవరికీ చెయ్యందనంత ఎత్తున బిగించి, పెరట్లోకి గొయ్యి తవ్వడానికి పోయాడు.

ఇది ఎవరిదని శాంతాదేవి అడిగింది.

"మాదేనమ్మా. ఏసంగి ఎండల్లో ఈయన ప్లగ్గు పీకిన ఇంటికల్లా ఇది ఎల్లిపోద్ది. ఎవులికీ సెప్పొద్దని ఒట్టేయించుకుంటాడు. తెలిస్తే దీనికోసమే జనం తీగలు పీకేసుకుంటారంట," అంది చిన్నమ్మి. "గాలి సల్లగుంటాదని అందరూ అంటారు. నానెరగను."

నిన్నటి మాటలు గుర్తొచ్చి శాంతాదేవి సిగ్గుపడింది. వెళ్ళబోతున్న చిన్నమ్మిని చెయ్యి పట్టుకుని లాగి, కూలరుకి ఎదురుగా మంచం మీద కూర్చోబెట్టింది.

మధ్యాహ్నానికి ప్రత్యూష చంటిదానితో ఇంటికొచ్చింది. సాయంత్రానికి కొత్త గొయ్యి తయారైంది. కూలరుకీ కుళాయికీ ఎర్తు తీగలు బిగిశాయి. ఇక పాత కూలరు విప్పి సిర్గిట్టి పేటలో తను ప్లగ్గు పీకిన పోలయ్య ఇంటికి పట్టుకెళ్ళాలని నూకరాజు గదిలోకి రాబోయాడు. శాంతాదేవి గుమ్మానికి అడ్డంగా నిలబడి, పోలయ్యని రేపటిదాకా ఆగమని చెప్పమంది.

లోపల తడి వట్టివేళ్ళ వాసన. ప్రత్యూష పక్కన చంటిది కళ్ళు విప్పార్చుకుని పడుకుని ఉంది. ఆ పక్కనే చిన్నమ్మి నోరు తెరుచుకుని హాయిగా నిద్రపోతోంది.